కంప్యూటర్లో తెలుగు: తరచూ వచ్చే ఆరు వాదనలు, వాటి వెనుక లెక్కలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు బయట ఉన్న తెలుగు కుటుంబాల్లో కంప్యూటర్ గురించి మొదలైన వాదన ఎక్కువసార్లు భాష దగ్గరికే వచ్చి ఆగుతుంది. ‘తెలుగు కంప్యూటరుకు పనికిరాదు’ అని ఒకరంటారు. ‘మన భాషను కావాలనే వెనక్కి నెట్టారు’ అని ఇంకొకరంటారు. ‘కన్నడ లిపి, తెలుగు లిపి ఒకటే కదా, రెండెందుకు?’ అని బళ్ళారిలోనో కోలారులోనో అడుగుతారు. ‘పిల్లలకు తెలుగు అక్షరాలు రావు, తమిళంలో రాసిస్తే చదువుకోరా?’ అని హోసూరులో అడుగుతారు.

ఈ వాదనలు తెగకపోవడానికి కారణం ఒకటే. ప్రతిదానిలోనూ యంత్రానికి సంబంధించిన లెక్క కొంత, మనుషులు కూర్చుని చేసిన నిర్ణయం కొంత కలిసి ఉంటాయి. లెక్కతో పోట్లాడి లాభం లేదు. నిర్ణయాన్ని మాత్రం ప్రశ్నించవచ్చు, కొన్నిసార్లు మార్పించవచ్చు. ఏది ఏదో విడదీసి చూపడానికే మేము ఈ వ్యాసం సిద్ధం చేశాం. సాంకేతిక చదువు లేనివారికి కూడా అర్థమయ్యేలా రాశాం.

ముందుగా పట్టిక సంగతి

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ పట్టికను అందరూ ఒప్పుకుంటే ఒకచోట రాసింది మరోచోట చదవవచ్చు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న పట్టిక పేరు యూనికోడ్. దాని మొదటి సంచిక 1991లో వచ్చింది. తెలుగు మొదటి నుంచీ అందులో ఉంది.

అంతకుముందే మన దేశంలో ఇస్కీ అనే పట్టిక తయారైంది. 1988లో ఒక రూపం, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించిన రూపం వచ్చాయి. ఈ రెండు పట్టికల మధ్య ఉన్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కింద వచ్చే వాదనల్లో చాలావాటికి మూలం అదే.

ఇస్కీలో ‘క’కు ఒకే సంఖ్య: 179. తెలుగు క, కన్నడ క, ఒడియా క, హిందీ క అన్నీ అదే. ఏ లిపిలో చూపాలో వేరే గుర్తు చెబుతుంది. అంటే అక్షరం ఒకటే, లిపి దాని మీద వేసుకునే చొక్కా లాంటిది. యూనికోడ్ దారి వేరు. ఒక్కో లిపికీ 128 గదులున్న వేరే వరుస ఇచ్చింది. అక్కడ తెలుగు క సంఖ్య 3093, కన్నడ క 3221, తమిళ క 2965, ఒడియా క 2837, దేవనాగరి క 2325.

మొదటి వాదన: తెలుగు, కన్నడ లిపులు ఒకటే కదా, రెండు వరుసలెందుకు?

రెండు లిపులూ ఒకే మూలం నుంచి వచ్చాయన్నది నిజం. పాత శాసనాల లిపిని పండితులు తెలుగు-కన్నడ లిపి అనే పిలుస్తారు. యంత్రం దృష్టిలో రెండింటినీ ఒకే వరుసలో పెట్టడానికి అడ్డేమీ లేదు. హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ దేవనాగరి వరుసనే పంచుకుంటున్నాయి. చైనా, జపాన్, కొరియా వాళ్ళు వాడే చైనా మూలపు అక్షరాలను యూనికోడ్ కలిపేసింది కూడా. ఆ కలపడం మీద జపాన్‌లో చాలాకాలం అసంతృప్తి నడిచింది.

కాబట్టి రెండు వరుసలుండటం మనుషుల నిర్ణయం. అది మంచి నిర్ణయమే అని మా అభిప్రాయం. రెండూ కలిపి ఉంటే, ఒకే వాక్యంలో తెలుగు మాట, కన్నడ మాట పక్కపక్కన రాసినప్పుడు ఏది ఏ లిపిలో కనబడాలో ఫాంటు మీద ఆధారపడేది. ఫాంటు మారితే లిపీ మారిపోయేది. బెంగళూరులో రెండు భాషల్లో ఆహ్వానపత్రిక వేయించే కుటుంబానికి ఇది ఎంత తలనొప్పో ఊహించుకోవచ్చు.

అయితే విడదీసినా చుట్టరికం పోలేదు. యూనికోడ్ మన లిపుల వరుసలను ఇస్కీ క్రమంలోనే పేర్చింది. ఏ వరుసలో చూసినా ‘క’ మొదటి గదికి 21 గదుల దూరంలోనే ఉంటుంది. తెలుగు సంఖ్యకు 128 కలిపితే చాలావరకు కన్నడ అక్షరం వచ్చేస్తుంది. దీనివల్ల మనకు కలిగే లాభం గురించి ఆరో వాదనలో చెబుతాం.

రెండో వాదన: తెలుగు ఎక్కువ చోటు తింటుందా?

తింటుంది. సంఖ్యలను ఫైళ్ళలో దాచడానికి ఎక్కువగా వాడే పద్ధతి యూటీఎఫ్-8. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దీన్ని రూపొందించారు. ఇందులో 127 వరకు ఉన్న సంఖ్యలకు ఒక బైటు, 2047 వరకు రెండు, 65,535 వరకు మూడు బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరాలు మొదటి మెట్టులో ఉన్నాయి. గ్రీకు, రష్యన్, అరబిక్ రెండో మెట్టులో ఉన్నాయి. తెలుగుతో సహా మన దేశపు ప్రధాన లిపులు చాలావరకు 2304 నుంచి మొదలవుతాయి కనుక అవి మూడో మెట్టులో పడ్డాయి. ‘నమస్కారం’ అన్న మాటలో ఎనిమిది సంకేతాలున్నాయి, అంటే 24 బైట్లు.

ఇది కుట్ర అనేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. వరుసల క్రమం 1991లోనే ఖాయమైంది. ఆ తర్వాతి ఏడాదే యూటీఎఫ్-8 వచ్చింది. ఇంగ్లీషుకు మొదటి మెట్టు దక్కడం మాత్రం యాదృచ్ఛికం కాదు. అప్పటికే నడుస్తున్న కంప్యూటర్లు చెడకుండా ఉండాలని అలా చేశారు. ముందు వచ్చినవాడికి ముందు పీట దక్కింది.

మరి దీనివల్ల మనకు నష్టమెంత? 300 పేజీల తెలుగు నవలలో పేజీకి 1500 సంకేతాల చొప్పున లెక్కేసినా మొత్తం 13.5 లక్షల బైట్లు. ఫోన్‌తో తీసిన ఒక ఫోటో సాధారణంగా దానికంటే పెద్దదే. కాబట్టి చోటు గురించి బెంగ అక్కర్లేదు.

నష్టం తగిలేది రెండు చోట్ల. మొదటిది ఎస్సెమ్మెస్. ఒక సందేశంలో 140 బైట్లు పడతాయి. ఇంగ్లీషైతే 160 అక్షరాలు, తెలుగైతే 70 సంకేతాలు. అందులో గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. సంఘం సభ్యులందరికీ తెలుగులో సందేశం పంపితే బిల్లు ఎక్కువ రావడానికి కారణం ఇదే. రెండోది ఈమధ్య వచ్చిన కృత్రిమ మేధ సేవలు. అవి వాక్యాన్ని ముక్కలు చేసి, ముక్కల లెక్కన రుసుము తీసుకుంటాయి. ఎక్కువగా ఇంగ్లీషు పాఠం చూసి తయారుచేసిన ముక్కల పట్టికలో తెలుగు వాక్యం ఎక్కువ ముక్కలవుతుంది. ఇది లిపి దోషం కాదు. పట్టిక తయారీలో తెలుగు పాఠం ఎంత కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అడిగి మార్పించుకోదగ్గ విషయమే.

మూడో వాదన: తెలుగులో ప్రోగ్రాం రాయవచ్చా?

కొంతవరకు ఇప్పటికే రాయవచ్చు. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. ‘మార్కులు’, ‘మొత్తం’ అనే పేర్లు చక్కగా పనిచేస్తాయి. కానీ ‘సాఫ్ట్‌వేర్’ అని పేరు పెడితే పైథాన్ ఒప్పుకోదు. ‘ట్’ కింద ‘వ’ వత్తు పడకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. పేర్లలో ఆ గుర్తుకు పైథాన్‌లో చోటు లేదు. జావాస్క్రిప్ట్‌లో ఉంది. రెండూ మనుషులు రాసుకున్న నియమాలే. ఒకరు కాదన్నారు, మరొకరు సరేనన్నారు.

అక్షరాల లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. ‘స్త్రీ’ అన్న మాట మన కంటికి ఒక్క అక్షరం. పైథాన్‌ను పొడవు అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఫైల్లో అది 18 బైట్లు. కంటికి కనబడే అక్షరాలను లెక్కించే యూనికోడ్ నియమం ప్రకారం చాలా ఏళ్ళు అది మూడు. 2023లో వచ్చిన 15.1 సంచికలో తెలుగు, ఒడియా, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలకు కొత్త నియమం చేర్చాక ఒకటైంది. ఆన్‌లైన్ ఫారంలో ‘పేరు 20 అక్షరాలు మించరాదు’ అని ఉంటే, తెలుగు పేరు సగంలో తెగిపోయేది ఈ గందరగోళం వల్లే. ఇక్కడ తప్పు భాషది కాదు, ఏ లెక్క వాడాలో ఆలోచించని ఫారం తయారీదారుది.

మరి పిల్లలకు ప్రోగ్రామింగ్ తెలుగులో నేర్పాలా, ఇంగ్లీషులోనా? పైథాన్‌లో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన ఇంగ్లీషు పదాలు 35. వాటిని తెలుగులోకి మార్చినంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ లేదు. కష్టమంతా తప్పు దొర్లినప్పుడు వచ్చే సందేశాలు, వివరణ పుస్తకాలు, ఇతరులు రాసిన ప్రోగ్రాములు ఇంగ్లీషులో ఉండటంలో ఉంది. కోడ్ ఇంగ్లీషులోనే ఉండనిచ్చి, దాని వెనుక ఆలోచనను ఇంటి భాషలో చెప్పడం మేలైన దారి. కోడ్ ఏ భాషలో రాయాలన్నదీ, వివరణ ఏ భాషలో ఇవ్వాలన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని ఒకటిగా కలిపేయడం వల్లే ఈ వాదన ఎంతకీ తేలదు.

నాలుగో వాదన: తెలుగు అక్షరం వల్లే కదా ఫోన్లు ఆగిపోయాయి?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి. దాన్ని తెలుగు బాంబు అని కూడా ప్రచారం చేశారు. అసలు జరిగింది ఇది: ‘జ్ఞా’ను మామూలుగా రాస్తే ఏమీ కాలేదు. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య ఆ కనబడని విడదీసే గుర్తు పడినప్పుడే ఇబ్బంది వచ్చింది. అక్షరాన్ని తెర మీద గీసే భాగంలో లోపం ఉంది. బెంగాలీలోనూ అలాంటి వరుసలకు ఇదే జరిగింది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 సంచికలో దాన్ని సరిచేసింది.

భాష సంక్లిష్టం కావడం వల్ల ఫోన్ ఆగలేదు. సరిగా పరీక్షించకపోవడం వల్ల ఆగింది. ఏ భాష వాళ్ళు ఎక్కువగా వాడి, తప్పులు ఎక్కువగా తెలియజేస్తారో ఆ భాషలో లోపాలు ముందే బయటపడతాయి. మన ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోవడం అభిమానానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఒక రకంగా అది పరీక్ష కూడా.

ఐదో వాదన: పట్టికలో అక్షరం చేర్చడం సాంకేతికమా, రాజకీయమా?

రెండూ. దీనికి మంచి ఉదాహరణ తమిళనాడులో ఉంది. 2010లో సంస్కృతం రాయడానికి వాడే గ్రంథ లిపిని యూనికోడ్‌లో చేర్చే ప్రతిపాదనల మీద పెద్ద వివాదం లేచింది. తమిళ వరుసలో గ్రంథాక్షరాలు చేరితే భాష స్వరూపమే మారిపోతుందని తమిళాభిమానులు భయపడ్డారు. నిర్ణయం వాయిదా వేయాలని అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి కేంద్రాన్ని కోరారు. చివరికి 2014లో వచ్చిన 7.0 సంచికలో గ్రంథ లిపికి వేరే వరుస ఇచ్చారు.

ఈ వివాదాన్ని ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. మేము అలా అనుకోవడం లేదు. యూనికోడ్‌లో ఒకసారి చేర్చిన అక్షరాన్ని ఎప్పటికీ తీయరు. అందుకే ముందే అడగడం తప్పు కాదు. వేరే వరుస ఇవ్వడమనే సాంకేతిక ఏర్పాటే రాజకీయ భయానికి జవాబైంది. సంస్కృతం రాసుకునేవారికి గ్రంథం దొరికింది, తమిళ వరుస అలాగే ఉంది.

అదే 7.0 సంచికలో తెలుగుకూ పాత శాసనాల్లో కనిపించే ‘ఴ’ చేరింది. అంతకుముందు 2008లో బ్రౌన్ నిఘంటువు వాడిన దంత్యాలు ‘ౘ’, ‘ౙ’ చేరాయి. 2021లో నకారపు పొల్లు చేరింది. వీటి గురించి తెలుగు నాట పెద్దగా చర్చ జరగలేదు. యూనికోడ్ సంస్థలో పెద్ద కంపెనీలూ ప్రభుత్వాలూ సభ్యులు. ఓటు వాళ్ళదే. అయితే ఆధారాలతో ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు, సభ్యత్వం అక్కర్లేదు. మన పాత పత్రాల్లో, నేతకారుల చిట్టాల్లో, దేవాలయాల లెక్కల్లో పట్టికకు ఎక్కని గుర్తు ఏదైనా ఉంటే, దాన్ని ఫోటో తీసి భద్రపరచడం ఆ దారిలో మొదటి మెట్టు.

ఆరో వాదన: పక్క లిపిలో తెలుగు రాస్తే ఏం పోయింది?

మనకు అన్నిటికన్నా దగ్గరి వాదన ఇదే. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమంటుంది. అది 1956 సవరణతో వచ్చింది. యానాంలో తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఉంది. మిగతా చోట్ల తెలుగు ఇంట్లో ఉండి బడిలో లేని పిల్లలు ఎందరో. వాళ్ళు తెలుగు మాట్లాడతారు, కానీ కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ అక్షరాలే చదువుతారు.

వీళ్ళకు పక్క లిపిలో తెలుగు ఇస్తే ఎంత పోతుందో, ఎంత నిలుస్తుందో లెక్క చూద్దాం.

కన్నడ లిపిలో దాదాపు ఏమీ పోదు. ముందు చెప్పిన 128 కలిపే లెక్కతో తెలుగు కథను ఒక్క క్షణంలో కన్నడ లిపిలోకి మార్చవచ్చు. ‘ౘ’, ‘ౙ’ లాంటి అరుదైన అక్షరాల దగ్గర మాత్రమే చూసుకోవాలి.

ఒడియా లిపిలో హ్రస్వ ఎ, ఒ లేవు. అందుకని ‘మెడ’, ‘మేడ’ ఒక్కలా కనిపిస్తాయి. దేవనాగరి వరుసలో వీటికి గదులున్నా, సోలాపూర్‌లో మరాఠీ బడికి వెళ్ళే పిల్లలు ఆ గుర్తులు ఎన్నడూ చూసి ఉండరు. కాబట్టి అక్కడా అదే ఇబ్బంది.

తమిళ లిపిలో నష్టం ఎక్కువ. తమిళ వరుసలో క తర్వాత ఖ, గ, ఘ ఉండాల్సిన మూడు గదులూ ఖాళీ. ‘గాలి’, ‘కాలి’ ఒకటే అవుతాయి. ‘బడి’, ‘పడి’ ఒకటే అవుతాయి. పెద్దవాళ్ళకు సందర్భం బట్టి అర్థమవుతుంది. భాష కొత్తగా చదివే పిల్లవాడికి అర్థం కాదు.

లిపి పోతే భాష పోయినట్టే అనే పెద్దల మాటలో నిజముంది. పక్క లిపితోనే ఆగిపోతే మన పుస్తకాలూ పత్రికలూ పిల్లలకు మూసిన తలుపులే. అసలేమీ చదవకపోవడం కంటే ఏదో లిపిలో చదవడం మేలు అనే యువకుల మాటలోనూ నిజముంది. మా అభిప్రాయంలో పక్క లిపి ఒక నిచ్చెన. పై వరుసలో తెలుగు లిపి, కింది వరుసలో తెలిసిన లిపి పెట్టి పాఠం ఇస్తే పిల్లవాడు రెండింటినీ జత చేసుకుంటాడు. కొంతకాలానికి కింది వరుస తీసేయవచ్చు. కన్నడ లిపి వచ్చిన పిల్లలకు ఇది చాలా సులువు, ఎందుకంటే అక్షరాల రూపాలే చుట్టాలు. తమిళనాడులో మాత్రం నిచ్చెన త్వరగా తీసేసి, గ, జ, డ, ద, బ లను మొదటి నుంచీ తెలుగులోనే నేర్పడం మంచిది.

టైపు చేయడంలోనూ ఇలాంటి వెసులుబాటు ఉంది. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా, దేవనాగరి వంటి లిపులకు ఒకే అమరిక. ‘క’ వీటిలో దేనిలోనైనా ఒకే మీట మీద ఉంటుంది. బడిలో కన్నడమో ఒడియానో టైపు నేర్చిన పిల్లలకు తెలుగు టైపు సగానికి పైగా వచ్చినట్టే. భారతీయ ప్రమాణం 16333, మూడో భాగం ప్రకారం మన దేశంలో అమ్మే ఫోన్లు దేశపు అధికార భాషలన్నిటినీ చూపగలగాలి. దుకాణంలో ‘ఇందులో తెలుగు రాదండీ’ అంటే ఒప్పుకోవాల్సిన పనిలేదు.

ఇక మనం చేయాల్సిన పని

ఈ ఆరు వాదనలకంటే తొందరపెట్టే పని ఒకటుంది. సంఘాల వార్షిక సంచికలు, ఊరి చరిత్రలు, పెళ్ళిపాటల సంకలనాలు 1990ల నుంచి డీటీపీ కేంద్రాల్లో తయారయ్యాయి. వాటిలో చాలావరకు అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో ఉన్నాయి. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. వెతికితే దొరకవు. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అవి తెలుగే కావు.

వీటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చే ముందు అసలు ఫైలు, దాని ఫాంటు రెండూ దాచుకోండి. ఏ ఫాంటో ఆనాటి డీటీపీ ఆపరేటరును అడిగి రాసిపెట్టుకోండి. మార్చాక వత్తులు, సున్నలు, అంకెలు ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. తర్వాత అచ్చు రూపం, పాఠం రూపం రెండూ వేర్వేరు చోట్ల భద్రపరచండి. మళ్ళీ అచ్చు వేయాలంటే మండలి, గిడుగు, సూరన్న, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికి వాడుకున్నా అనుమతి అడగనక్కర్లేదు.

ఫైళ్ళు దాచిన కంప్యూటర్లు పాతబడుతున్నాయి, వాటిని కూర్చిన ఆపరేటర్లు పనులు మానుతున్నారు. లిపి గురించి వాదన వచ్చే ఏడాదీ చేసుకోవచ్చు. తెరుచుకోని ఫైల్లో ఉన్న తాతల పేర్లు మాత్రం అప్పటిదాకా ఆగుతాయన్న నమ్మకం లేదు. సంఘం తరఫున ఎవరో ఒకరికి ఈ పని అప్పగించడం ఈ నెల సమావేశంలోనే మొదలుపెట్టవచ్చు.